చూచిన నీరు – మ్రొక్కిన నీరు

(పరవాడలో యాత్రికుల కొరకు చేసిన ఉపన్యాస పాఠము)

శ్రీ గురుభ్యో నమః. శ్రీ వరాహలక్ష్మీనృసింహ స్వామినే నమః.

 

ఈనాటి ప్రసంగ విషయమును మీలోని వారే నాకు ఇచ్చినారు. మన ప్రాంతమునుండి కొందరు మారిషస్ ద్వీపమునకు యాత్ర వెళ్ళి వచ్చినారు. మరికొందరు వెళ్ళుటకు సిద్ధమగుచున్నారు. వెళ్ళి వచ్చినవారిలో ఒక యువకుడు నన్ను ఇట్లు అడిగినాడు: “గురువుగారూ! ఒక్కరోజులో బస్సులో త్రిప్పి అన్నీ చూపించినారు. ఉదయము ఒక చెరువు దగ్గర దింపి, ఇది గంగ, నెత్తిన చల్లుకొనండి అన్నారు. మధ్యాహ్నము ఒక జలపాతము దగ్గర దింపి, ఫొటోలు తీసుకొనండి అన్నారు. చూడబోతే చెరువుకంటె జలపాతమే వందరెట్లు గొప్పగా ఉన్నది. అంత ఎత్తునుండి దూకే నీరు గంగ కాక, కదలని చెరువు నీరు గంగ ఎట్లయినది?”

ప్రశ్న చక్కనిది. “శ్రద్ధ ఉంటే అంతా గంగే నాయనా” అని ఒక్క మాటతో తప్పించుకొనవచ్చును. కాని అడిగినవాడు చదువుకొన్నవాడు. అట్టి సమాధానముతో తృప్తి పడడు, పడవలసిన పని కూడా లేదు. శాస్త్రము ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానమే చెప్పియున్నది. అది తెలియవలెనన్న ముందు ఆ ద్వీపమెట్టిదో, ఆ ఒక్కరోజు యాత్రలో చూపునది ఏమిటో తెలియవలెను.

యాత్రా మార్గము

మారిషస్ హిందూమహాసముద్రములో, ఆఫ్రికా ఖండమునకు తూర్పున, భూమధ్యరేఖకు దక్షిణమున ఉన్న చిన్న ద్వీపము. వైశాల్యము రెండువేల చదరపు కిలోమీటర్లకు లోపే. సముద్రగర్భమునుండి అగ్నిపర్వతములు ఎగజిమ్మిన శిలాద్రవము గడ్డకట్టి ఆ భూమి ఏర్పడినది. 1598లో డచ్చివారు దిగునాటికి అక్కడ మానవ నివాసము లేదు. తరువాత ఫ్రెంచివారు, 1810లో ఆంగ్లేయులు దానిని వశపరచుకొన్నారు. 1968 మార్చి 12న స్వతంత్ర దేశమైనది.

యాత్రికులను సాధారణముగా నైరుతి భాగమునకు తీసుకొనివెళ్ళుదురు. బస్సు రాజధానియైన పోర్ట్ లూయీనుండి చెరకుతోటల నడుమగా మెట్టకెక్కును. క్యూర్‌పిప్ పట్టణమువద్ద చల్లారిన అగ్నిపర్వత ముఖమును చూపుదురు. పెద్ద గంగాళము వంటి గొయ్యి, లోపల పచ్చని చెట్లు, అడుగున కొద్దిపాటి నీరు. అక్కడినుండి దక్షిణముగా పోగా గ్రాండ్ బాసేఁ అను సరస్సు వచ్చును. మనవారు దానినే గంగా తలావ్ అందురు. ఇదియు అగ్నిపర్వత ముఖమున నిలిచిన నీరే. చుట్టును శివుడు, హనుమంతుడు, అమ్మవారు మున్నగు దేవతల ఆలయములు. దారిలో 108 అడుగుల శివమూర్తి కనబడును. అది 2007లో నెలకొల్పినది. 2017లో అంతే ఎత్తుగల దుర్గామూర్తి కూడా వెలసినది.

సరస్సు దాటిన తరువాత బ్లాక్ రివర్ గార్జెస్ అను అరణ్యము. లోయ అంచున నిలబడి దూరముగా జారు జలపాతములను చూచెదరు. పిదప షమరేల్ గ్రామము. అక్కడి జలపాతము 80 మీటర్లకు మించిన ఎత్తునుండి ఒక్క దూకున లోయలో పడును. దాని ప్రక్కనే ఏడు రంగుల భూమి. ఎరుపు, గోధుమ, ఊదా, పసుపు మొదలగు వన్నెల మట్టి అలలు అలలుగా పరచుకొని యుండును. నల్లని అగ్నిశిల ఎండకు వానకు లక్షల సంవత్సరములు చివికి మట్టియై, దానిలోని ఇనుము, అల్యూమినియము పాళ్ళనుబట్టి ఈ వన్నెలు తేలినవని భూశాస్త్రజ్ఞులు చెప్పుదురు. సాయంకాలము సముద్రతీరమున ల మోర్న్ అను కొండను చూపి, చీకటి పడునప్పటికి వసతికి చేర్చుదురు.

ఇదీ ఆ రోజు. ఇందులో నిందింపవలసినది ఏమియు లేదు. భగవంతుని సృష్టిలో అందమైన దానిని చూచి ఆనందించుట పాపము కాదు. అయితే చూచుట వేరు, సేవించుట వేరు. ఆ భేదమును గుర్తించినచో యువకుని ప్రశ్నకు సమాధానము దొరకును.

తీర్థత్వమునకు మూడు కారణములు

స్కాందపురాణములో కాశీఖండమున్నది. శ్రీనాథ మహాకవి తెలుగున కావ్యముగా రచించినది ఆ ఖండమునే. అందులో అగస్త్య మహర్షి లోపాముద్రకు తీర్థముల సంగతి చెప్పుచు, సత్యము, క్షమ, ఇంద్రియనిగ్రహము, దానము, దయ మొదలగునవి మానస తీర్థములని ముందుగా పేర్కొని, పిదప భూమిమీది తీర్థములు పవిత్రములగుటకు మూడు హేతువులు చెప్పినాడు. మొదటిది, ఆ భూమియొక్క అద్భుతమైన ప్రభావము. రెండవది, ఆ జలముయొక్క తేజస్సు. మూడవది, మునుల పరిగ్రహము. అనగా మహాత్ములు దానిని తమదిగా స్వీకరించి సేవించుట.

ఈ మూడింటిని ఆ ద్వీపమునకు అన్వయించి చూడుడు. భూప్రభావమునకు ఏడు రంగుల మట్టి, అగ్నిముఖములు చాలును. జలతేజస్సునకు షమరేల్ జలపాతము చాలును. ఈ రెండును టికెట్టు కొన్న ప్రతివానికి కనబడును. మూడవది కంటికి కనబడదు; చెప్పువాడుండవలెను, వినువాడు ఆగవలెను. ఆ సరస్సుకు కలిగి, ఆ జలపాతమునకు కలుగనిది ఈ మూడవ హేతువే.

ఎట్లు కలిగినది? ఆ సరస్సును పూర్వము పరీ తలావ్, అనగా అప్సరసల కొలను అని పిలిచెడివారు. 1897లో ఆ ద్వీపపు ఉత్తర భాగమున త్రియోలే గ్రామములో ఝుమ్మన్ గిరి గోసాయి అను పురోహితునకు ఒక కల వచ్చినదట. ఆ కొలను నీరు జాహ్నవినుండి ఊరుచున్నదని ఆ కలలో తోచినది. జాహ్నవి యనగా గంగయే. జహ్ను మహర్షి గంగను పానము చేసి, భగీరథుని ప్రార్థనపై మరల విడిచినాడు గనుక ఆమె ఆయనకు కుమార్తెయైనది. ఒకచోట అదృశ్యమై మరియొకచోట వెలువడిన గంగకే ఆ పేరు. ఆ కలలో ఈ పేరే వినబడుట ఎంత ఉచితమో చూడుడు! మరుసటి సంవత్సరము, 1898లో, శివరాత్రికి ఆయన కొందరితో కూడి కాలినడకన ఆ సరస్సుకు పోయి, నీరు తెచ్చి శివునకు అభిషేకము చేసినాడు. నాటినుండి నేటివరకు మహాశివరాత్రికి లక్షలాది జనులు, తెల్లని వస్త్రములు ధరించి, కావళ్ళు మోసికొని, ఊరూరినుండి నడిచి పోవుచున్నారు. 1972లో గోముఖమునుండి గంగాజలము తెచ్చి అందులో కలిపినారు. ఆ సందర్భముననే దానికి గంగా తలావ్ అను పేరు స్థిరపడినది.

కొందరందురు: “1972లో గంగనీరు కలిసినది గనుక అది గంగ యైనది” అని. ఆ మాట నాకు సగమే అంగీకారము. కాలినడకన పోయినవారు అంతకుముందే డెబ్బది నాలుగు సంవత్సరములుగా దానిని గంగగా సేవించినారు. సేవ ముందు, కలశము తరువాత. మన తెలుగునాటను ఇదియే మర్యాద. శ్రీశైలమున కొండ దిగి స్నానము చేయు కృష్ణానదిని పాతాళగంగ అనుచున్నాము. తిరుమలలో ఆకాశగంగ ఉన్నది. గోదావరిని దక్షిణగంగ అనుచున్నాము. హిమాలయమునుండి కలశము తెచ్చి కలిపినారా అని వీటిని గూర్చి ఎవరును అడుగలేదు.

మునులు ఎవరు?

“మునుల పరిగ్రహమన్నారు గదా, అక్కడికి పోయినవారు మునులా? కూలీలు కదా?” అను ప్రశ్న రావచ్చును. ఇదియే నేడు నేను ముఖ్యముగా చెప్పదలచిన విషయము.

1834 నవంబరు 2న అట్లాస్ అను ఓడ కలకత్తానుండి ముప్పది ఆరుగురు కూలీలను పోర్ట్ లూయీలో దింపినది. 1835 ఫిబ్రవరి 1న ఆ ద్వీపమున బానిసత్వము రద్దయినది. చెరకు తోటలలో బానిసల స్థానమున పనిచేయుటకు మన దేశమునుండి ఒప్పందపు కూలీలను తరలించినారు. ఒప్పందము ఐదేండ్లు. తొలినాళ్ళలో మగవానికి నెలకు ఐదు రూపాయల జీతము, పైన తిండి గింజలు. ఒక్కరోజు పనికి రాకున్న రెండురోజుల కూలి కోసెడివారు. 1920 నాటికి సుమారు 5 లక్షల మంది ఆ రేవున దిగినారు. వారిలో కొందరిని అక్కడినుండి ఇతర ద్వీపములకు పంపినారు. ఎక్కువమంది అక్కడనే నిలిచిపోయినారు. దిగినవారు ఎక్కిన పదహారు రాతిమెట్లు నేటికిని పోర్ట్ లూయీలో ఉన్నవి. ఆ స్థలమును ఆప్రవాసీ ఘాట్ అందురు. 2006లో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినారు.

వారిలో మనవారును ఉన్నారు. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి పోయిన తెలుగువారిని అక్కడ కొరంగీలని పిలిచినారు. కొరంగి గోదావరి సంగమమువద్ద ఒకనాటి గొప్ప రేవు. 1839 నాటి పెనుతుపాను ఉప్పెనలో నాశనమైనది. ఊరు మునిగినను, దాని పేరు సముద్రమునకు ఆవల మన జాతికి పేరై మిగిలినది. అనకాపల్లి బెల్లము తిని పెరిగిన ప్రాంతము మనది. చెరకు మనకు క్రొత్త కాదు. ఆ చెరకు కత్తినే పట్టుకొని, తిరిగిరాని దూరములో చెమటోడ్చినవారు మన బంధువులే.

వారితో వేదపండితులు పోలేదు. ఆగమము తెలిసిన అర్చకులు పోలేదు. వారు కొనిపోయినది తాము ఎరిగిన దేవుని పేరు మాత్రమే. ఆ పేరు ఏదో తెలియునా? సింహాద్రి అప్పన్న! నేటికిని మారిషస్ తెలుగువారు సింహాద్రి అప్పన్న పూజ చేయుచున్నారు. అమ్మోరు పండుగ చేయుచున్నారు. దీపము నడుమ నుంచి, దాని చుట్టును తిరుగుచు రాత్రియెల్ల రామభజన చేయుచున్నారు. వారిలో పెక్కుమందికి ఇంటిభాష క్రియోల్ అయినది. పాటలో మాత్రము తెలుగు నిలిచినది. ఉగాదినాడు ఆ దేశమంతటికి ప్రభుత్వ సెలవు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడ జరిగినవి.

ముని యనగా ఎవడు? మననము చేయువాడు ముని. గడ్డము, కమండలువు ఆ పదమునకు అర్థము కాదు. ఐదేండ్ల ఒప్పందములో, పగలంతయు చెరకు కోసి, రాత్రి దీపము పెట్టి, చూడలేని సింహాచలమును మనసున చూచిన కూలివాడు మననము చేసినవాడా, కాదా? పాదరక్షలు లేక పుణ్యము కొరకు కొండ మార్గమున నడచిన ఆ గృహిణి తపస్సు చేసినదా, కాదా? నేను పాఠశాలలో పండ్రెండేండ్లు గురుశుశ్రూష చేసి వేదము వల్లెవేసినవాడను. నాకు గురువు ఉన్నాడు, గ్రంథమున్నది, తప్పు పలికిన దిద్దువారున్నారు. వారికి ఇవేవియు లేవు. లేకయు నిలిపినారు. అందుచేత ఆ పరిగ్రహము ముని పరిగ్రహమే యని నా నిశ్చయము.

సముద్రయాన విషయము

ఇక్కడ మరియొక ఆక్షేపమున్నది. దానిని దాచుట పండితునకు ధర్మము కాదు. బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో పేర్కొన్నది. ఆ సూత్రమును చూపి, ఓడ యెక్కినవారు ధర్మభ్రష్టులని పూర్వము కొందరు అన్నారు. ఓడ దిగి వచ్చినవారిని పంక్తికి చేర్చక వెలివేసిన ఊళ్ళును ఉన్నవి.

సూత్రముయొక్క తాత్పర్యమును విచారింపుడు. ఓడలో వారముల తరబడి అగ్నిహోత్రము, నిత్యకర్మ, ఆహారనియమము సాగవు. కర్మను విడిచినచో పతనము. అనగా శిక్ష సముద్రమునకు చెప్పినది కాదు, కర్మలోపమునకు చెప్పినది. ఆకలికి తాళలేక, దళారుల మాటలు నమ్మి ఓడ యెక్కినవానికిని, ఆచారమును కావాలని విడిచి భోగమునకై పోయినవానికిని శాస్త్రము ఒకే కొలత వేయునా? ఆపద్ధర్మమను ప్రకరణము శాస్త్రములో ఎందుకున్నది? ఒకటి మాత్రము నిజము. సూత్రము ఎరిగినవారు ఒడ్డున నిలిచిరి. ఎరుగనివారు ఓడ యెక్కిరి. ఆవలి ఒడ్డున ధర్మము నిలిచినది ఎరుగనివారి వలననే. ఈ సత్యమును అంగీకరించుటకు పండితుడు జంకరాదు.

సంకల్పము ఎట్లు చెప్పవలెను?

వెళ్ళువారు కొందరు ఒక సందేహము అడిగినారు: “అక్కడ స్నానము చేయునప్పుడు సంకల్పములో ఏ ప్రదేశము చెప్పవలెను?” అని. సంకల్పమనగా నేను ఏ కాలమున, ఏ చోట నిలబడి, ఎందుకొరకు ఈ కర్మ చేయుచున్నానో సత్యముగా పలుకుట. పరవాడలో మనము శ్రీశైలమునకు ఈశాన్యమున, గంగా గోదావరుల నడుమ ఉన్నామని చెప్పుకొనుచున్నాము. ఆ మాటనే మారిషస్‌లో పలికినచో అది అసత్య సంకల్పమగును. ఆ ద్వీపము శ్రీశైలమునకు నైరుతి దిక్కున సముద్రమధ్యమున ఉన్నది, అట్లే చెప్పవలెను. ద్వీపము పేరు చెప్పి, గంగా తలావ్ తీరమున అని స్పష్టముగా పలుకవలెను. నోరు తిరుగనివారు తెలుగుననే చెప్పుకొనవచ్చును. దేవునకు తెలుగు తెలియును.

కాల విషయములోను ఒక విశేషమున్నది. అక్కడి గడియారము మనకంటె గంటన్నర వెనుకగా నడచును. సూర్యోదయమునకు ఉన్న తిథి అక్కడ వేరు కావచ్చును గనుక మన క్యాలెండరు చూచి పర్వదినము నిర్ణయింపక, స్థానిక పంచాంగమును అనుసరింపుడు. పైగా ఆ ద్వీపము భూమధ్యరేఖకు దక్షిణమున ఉన్నందున ఋతువులు తారుమారుగా ఉండును. మనము శివరాత్రినాడు శిశిర ఋతువని చలికి దుప్పటి కప్పుకొన్నవేళ, అక్కడ ఎండలు, వానలు, తుపానుల కాలము. సంకల్పములోని ఋతువు మాసమును అనుసరించి చెప్పునది గనుక దానిని మార్చనక్కరలేదని నా అభిప్రాయము. కాని శివరాత్రికి ఆ మార్గమున నడచువారు ఎంతటి ఉక్కలో, ఎంతటి వానలో నడచుచున్నారో మనము తెలిసికొనవలెను.

కారుణ్య జలము

ఇప్పుడు చెప్పబోవునది ఈ ప్రసంగమునకు ఫలము. శ్రద్ధగా వినుడు.

మోకా పట్టణమునందలి మహాత్మాగాంధీ సంస్థలో ఆనాటి కూలీల దస్త్రములు భద్రపరచియున్నవి. మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, ఓడ పేరు, ఒక సంఖ్య. కొందరి ఛాయాచిత్రములును ఉన్నవి. వారి మునిమనుమలు ఆ పుటలు వెదకి, ఊరి పేరు పట్టుకొని మన దేశమునకు వచ్చి, మా తాతగారి ఇల్లు ఎక్కడ అని అడుగుచున్నారు. వారు మనలను వెదకుచున్నారు. మనము వారిని వెదకినామా?

ఈ తీరమునుండి పోయి అక్కడనే కన్నుమూసిన వారు ఎందరో! ఇక్కడ మిగిలినవారికి చావు కబురు చేరలేదు. తిథి తెలియదు. కొడుకు ఎప్పుడైన వచ్చునని తల్లి ఎదురుచూచి ఎదురుచూచి తాను కూడ పోయినది. ఆ ఇంట శ్రాద్ధము పెట్టుట ఎట్లు? బ్రదికియున్నాడేమో యను ఆశ ఒకప్రక్క, పోయినాడేమో యను భయము ఒకప్రక్క. అట్టివారికి తిలోదకము అందలేదు. తిథి తెలియని వారికి మహాలయ అమావాస్యను పెద్దలు ఏర్పరచినారు. తన వంశము వారే కాక, దిక్కులేక పోయినవారిని సైతము తలచి నీరు విడుచుట కారుణ్య తర్పణము. గయలో మనము అట్లు చేయుచున్నాము.

కనుక ఆ ద్వీపమునకు పోవు పరవాడ యాత్రికులను నేను కోరునది ఇది. గంగా తలావ్ వద్ద మీ వంశపు పెద్దలను తలచిన పిమ్మట, ఈ తీరమునుండి పోయి పేరు తెలియక మరణించిన మన అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్రకు మూడు దోసిళ్ళ నీరు విడువుడు. తండ్రి జీవించియున్నవారు తిలతర్పణము చేయరాదు. వారు చేతులు జోడించి నమస్కరించి, వట్టినీరు దోసిట పట్టి విడిచినను చాలును. స్త్రీలు, అన్ని కులముల వారు ఇట్లు చేయవచ్చును. మంత్రము రానిచో, “మా ఊరి వైపునుండి వచ్చి ఇక్కడ కష్టపడి పోయిన వారందరికి ఈ నీరు చేరుగాక” అనుడు. చేరును.

ఆ రోజు సాయంకాలము ల మోర్న్ కొండను చూపినప్పుడును ఒక క్షణము మౌనముగా ఉండుడు. చెరకు తోటలలో మనవారికి ముందు అక్కడ చెమటోడ్చినవారు ఆఫ్రికానుండి, మడగాస్కరునుండి తెచ్చిన బానిసలు. పారిపోయిన బానిసలు తలదాచుకొన్న కొండ అది. 2008లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. వారును మానవులే, వారి దుఃఖమును దుఃఖమే. కారుణ్యమునకు కులము, దేశము అడ్డు కారాదు.

మన కొండ, మన ధార

దూరపు ద్వీపమును పొగడి ఇంటి తీర్థమును మరచుట ఉచితము కాదు. ఒక్కరోజులో జలధారను, ఆలయమును కలిపి సేవించు యాత్ర మన వాకిటనే ఉన్నది. సింహాచలము కొండపై గంగధార నిత్యము ప్రవహించుచున్నది. ఆ కొండకే ఆవలి వైపున మాధవధార ఉన్నది. ఆషాఢ పూర్ణిమకు ముందు తొలిపావంచావద్ద కొబ్బరికాయ కొట్టి, సుమారు 32 కిలోమీటర్లు కొండ చుట్టును కాలినడకన ప్రదక్షిణము చేయుచున్నాము. ఆ ద్వీపములో శివరాత్రికి నడచువారును, ఇక్కడ గిరి ప్రదక్షిణకు నడచువారును ఒకే భావముతో నడచుచున్నారని గుర్తింపుడు.

సింహాచల దేవాలయమున 1098 నాటి కుళోత్తుంగ చోళుని కాలపు శాసనమున్నది. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో వచ్చి స్వామికి ఆభరణములు సమర్పించినాడు. రాజుల కానుకలు శాసనములకెక్కినవి. అప్పన్న పేరును సముద్రము దాటించిన కూలివాని కానుక ఏ రాతిమీదను చెక్కబడలేదు. మన పరవాడలోనే విద్యుత్ కేంద్రమునకు సింహాద్రి అని పేరు పెట్టుకొన్నాము. ఆ పేరు రోజుకు ఎన్నిసార్లు పలుకుచున్నామో లెక్కలేదు. పలికినప్పుడెల్ల, ఆ పేరునే గుండెలో పెట్టుకొని పోయినవారు గుర్తుకు రావలెను.

ఇక ఒక హెచ్చరిక. మూడు హేతువులలో మొదటి రెండు, అనగా భూమి ప్రభావము, జల తేజస్సు, మన చేతిలో లేవు. మూడవది మన చేతిలో ఉన్నది. చేతిలో ఉన్నది గనుక జారిపోవచ్చును కూడ. సేవించువారు లేని తీర్థము చెరువుగా మిగులును. ధార క్రింద షాంపూ పొట్లములు, ప్లాస్టిక్ సంచులు పారవేసి, పైన గోవింద నామము చెప్పినచో అది పరిగ్రహము కాదు, అపచారము. ఊరి చెరువును చెత్తతో పూడ్చుకొనినవాడు వేల కిలోమీటర్లు విమానమున పోయి మరియొక చెరువు నీరు నెత్తిన చల్లుకొన్నంత మాత్రమున పుణ్యమెట్లు కలుగును?

యాత్రికులకు నియమములు

వెళ్ళువారికి కొన్ని మాటలు చెప్పి ముగించెదను.

ఒకటి: వెళ్ళుటకు ముందు సింహాచలము పోయి స్వామికి విన్నవించుకొని బయలుదేరుడు. అక్కడి తెలుగువారిని కలిసినప్పుడు, “అప్పన్నను చూచి వచ్చినాము” అని చెప్పుడు. ఆ మాటకంటె వారికి ప్రియమైన కానుక వేరుండదు.

రెండు: బస్సువారితో ముందుగానే మాట్లాడుకొని సరస్సువద్ద కనీసము ఒక గంట ఉండునట్లు ఏర్పాటు చేసికొనుడు. గైడు మీద కోపపడుట తగదు. అతడు అడిగినంతే చూపును. అడుగవలసినవారు మీరు.

మూడు: పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ తప్పక చూడుడు. ఒక్కరోజు యాత్రలో అది చేర్చియుండకపోవచ్చును. ఆ పదహారు మెట్లు చూడక సరస్సును చూచినచో, కారణము తెలియక కార్యమును చూచినట్లగును.

నాలుగు: సరస్సులో కొబ్బరి చిప్పలు, కర్పూరపు కాగితములు, పాలిథీన్ సంచులు వేయకుడు. అక్కడ కోతులున్నవి, ప్రసాదము చేతిలో త్రిప్పుచు తిరుగకుడు.

ఐదు: షమరేల్ జలపాతమువద్ద మనసార చూడుడు, ఫొటోలు తీసికొనుడు. “అగ్నిలో పుట్టిన భూమికి ఇంత చల్లని నీరు ఇచ్చినావా స్వామీ” అని ఒక్కసారి తలచుకొనుడు. ఆ ఒక్క తలపుతో, చూచిన నీటికి మ్రొక్కిన నీరగుటకు తొలి మెట్టు పడును.

నాయనలారా! గంగను భూమికి తెచ్చినవాడు భగీరథుడు. బూడిదయై పడియున్న తన పూర్వులకు జలము అందవలెనని ఆయన ప్రయత్నించినాడు. తన స్నానమునకై కాదు. గంగ ఎందుకు దిగినదో తెలిసినవాడు, ఏ ద్వీపమున ఏ సరస్సు ఒడ్డున నిలిచినను, మొదటి దోసిలి తనకై తీసికొనడు.

శ్రీ సింహాద్రినాథుడు మీ యాత్రలను సఫలము చేయుగాక. స్వస్తి.